‘ర’ పేజీలున్న ల్యాప్‌టాప్

"ఇచ్చేశారా?"

"ఇచ్చేశాను. ఊరికే ఇచ్చానా? ఆ షాపువాణ్ని నలుగురిలో కడిగిపారేసి మరీ దీన్ని తెచ్చాను. చూడు, ఎలా మెరిసిపోతోందో!"

ప్రూఫులమ్మ చెప్పులు విప్పడం మరిచిపోయి గుమ్మంలోనే నిలబడింది. పొద్దున తను బయటికి వెళ్ళినప్పుడు కిటికీ పక్క బల్ల మీద నల్ల ల్యాప్‌టాప్ ఉంది. ఇప్పుడు అదే చోట వెండిరంగుది ఒకటి, పల్చగా, నిగనిగలాడుతూ, కొత్త అల్లుడిలా దర్జాగా కూర్చుని ఉంది.

"నా పేజీలేవి?"

"ఏ పేజీలు?"

"దాంట్లో ఉన్న పేజీలు. నిఘంటువు పేజీలు. ‘ర’ అక్షరం మొత్తం."

"ఉంటాయిలే, ఎక్కడికి పోతాయి? ముందు లోపలికి రా. వచ్చి దీన్ని చూడు."

భర్త గొంతులో ఉత్సాహం ఇంకా తగ్గలేదు. బంధువులంతా అతన్ని ఇన్‌ఛార్జి అంటారు. ఫర్నిచర్ గోడౌనులో యజమానికి జబ్బు చేసినప్పుడు కొన్నాళ్ళు ఇన్‌ఛార్జిగా ఉన్నాడు. యజమాని కోలుకుని తన కుర్చీలో తను కూర్చున్నాడు గానీ, ఇతను మాత్రం ఇంట్లో ఆ కుర్చీ దిగలేదు.

ఆమెకు ప్రూఫులమ్మ అని పేరు పెట్టింది ప్రెస్సువాళ్ళు. అచ్చుతప్పు కంటబడితే ముద్ద దిగని మనిషి. ప్రెస్సులో కంపోజింగు విభాగం ఎత్తేశాక ఉద్యోగం పోయింది, పేరు మిగిలింది. ఇన్నాళ్ళకి ఒక నిఘంటువు పని తలుపు తట్టింది. సోమవారం పొద్దున ‘ర’ అక్షరం పేజీలు నమూనాగా అందించాలి. నచ్చితే నిఘంటువు మొత్తం ఆమెదే, ఏళ్ళ తరబడి ఇంటిపట్టున చేసుకునే పని. అందకపోతే వరసలో ఇంకొకరున్నారు. ఇవాళ శనివారం.

ఆ పేజీల్లో ఒకే ఒక్క సందేహం మిగిలింది. బండి ‘ఱ’తో మొదలయ్యే మాటల్ని ‘ర’ పక్కనే పెట్టాలా, వర్ణమాల చివరికి నెట్టాలా? అది తేల్చుకోవడానికే పొద్దున సంపాదకురాలి దగ్గరికి వెళ్ళింది. "పక్కనే పెట్టండి, పాపం, వాళ్ళిద్దరూ అన్నదమ్ములే కదా" అని నవ్విందావిడ. ఆ నవ్వు మొహాన పెట్టుకునే ఇంటికి వచ్చింది ప్రూఫులమ్మ. గుమ్మంలోనే అది ఆరిపోయింది.

ఆమె సంచీ కింద పెట్టింది. బల్ల దగ్గర కూర్చుని, విండోస్‌కి బదులు తను వాడే లైనక్సు ఉన్న పెన్‌డ్రైవ్ తీసి వెండిరంగు యంత్రానికి గుచ్చింది. తెర వెలిగింది. ఆమె చూసింది, తెర మూలన నొక్కింది, మళ్ళీ చూసింది.

"వైఫై లేదు."

"లేకపోవడమేంటి? షాపులో నా కళ్ళతో చూశాను. పాట కూడా వేయించుకుని విన్నాను."

"అది విండోస్‌లో. ఇందులో ఉన్న వైఫై ముక్కని లైనక్సు గుర్తుపట్టడం లేదు."

"అయితే విండోస్‌లోనే చేసుకో. లోకమంతా దాంతోనే బతుకుతోంది. నీ ఒక్కదానికే అడ్డమొచ్చిందా?"

"నిఘంటువు పేజీలు కట్టే ప్రోగ్రాములు ఆ ఆఫీసువాళ్ళు లైనక్సు కోసం రాసుకున్నారు. అవి ఇంకోచోట నడవవు. ఈ మాట మీకు భోజనం దగ్గర చెప్పాను, మంచం మీద చెప్పాను, నల్లది కొని తెచ్చిన రోజు మళ్ళీ చెప్పాను."

"చెప్పావేమో."

"చెప్పాను. మీరు ఊఁ కొట్టారు కూడా."

ఇన్‌ఛార్జి బుర్ర గోక్కున్నాడు. ఊఁ కొట్టడానికీ వినడానికీ మధ్య చాలా దూరం ఉంటుందని పెళ్ళయిన వాళ్ళందరికీ తెలుసు. ఆ దూరం గురించి ఎవరూ మాట్లాడరు, అంతే.

ఆమె ల్యాప్‌టాప్ మూత వేసి, కాసేపు ఆగి, మళ్ళీ తెరిచింది. తెర నల్లగానే ఉండిపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

"ఏమయిందే దానికి?" వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన అత్తగారు అడిగింది.

"నిద్రపోయిందత్తయ్యా. లేవడం లేదు."

"ఆదివారం నీ మొగుడిలాగన్నమాట."

ఇంకో రోజయితే ముగ్గురూ నవ్వేవారు. ఇవాళ ఎవరూ నవ్వలేదు. అత్తగారు వెండిరంగు మూతని వేలితో తట్టి, "పైన పటారం, లోన లొటారం" అని గొణిగి, కొడుకు మొహం చూసి అంతలోనే మాట మార్చింది. "అయినా వాడేం చెడు చెయ్యాలని చేశాడా? కోడలి కోసమే కదమ్మా తెచ్చాడు."

"మంచే చేశారత్తయ్యా. నన్ను అడక్కుండా చేశారు."

"ప్రతిదీ నిన్ను అడగాలా?" ఇన్‌ఛార్జి గొంతు పెరిగింది. "ఆ నల్లదాని మీద ఏముందో అసలు చూసుకున్నావా నువ్వు? ఒక్క అక్షరం సరిగ్గా లేదు! ఏ దేశం అక్షరాలో ఏమో, కొన్నిటికి నెత్తిన రెండేసి చుక్కలు! నిన్న సాయంత్రం మా గుమాస్తా వచ్చి చూసి పడీపడీ నవ్వాడు. ‘ఎవరికీ చెల్లని సరుకు మీ ఆవిడకి అంటగట్టారు’ అన్నాడు. నా పెళ్ళాం మోసపోయిందని ఊళ్ళోవాళ్ళు నవ్వుతుంటే నేను చేతులు ముడుచుకుని కూర్చోవాలా?"

అదన్నమాట సంగతి. ప్రూఫులమ్మకి ఒళ్ళు మండింది. నవ్వూ వచ్చింది, కానీ అది నవ్వులా బయటికి రాలేదు.

"నేను టైపు చేస్తుంటే మీరెప్పుడైనా చూశారా?"

"చూడకపోవడమేం? రోజూ చూస్తూనే ఉన్నాను."

"నా కళ్ళెక్కడుంటాయి?"

అతను వెండిరంగుదాని కీల వైపు చూశాడు.

"తెర మీద ఉంటాయి. కాగితం మీద ఉంటాయి. కీల మీద ఉండవు. మన అక్షరాలు ఏ కీబోర్డు మీద రాసి ఉంటాయో చెప్పండి! ‘క’ ఎక్కడుందో, ఒత్తు ఎక్కడుందో నా వేళ్ళకి తెలుసు. కీల మీద ఏ దేశం అక్షరాలుంటే నాకేం? మన అక్షరాలకి తలకట్లు, వాళ్ళ అక్షరాలకి చుక్కలు, ఎవరి సింగారం వాళ్ళది. ఆ చుక్కలు చూసి అందరూ వద్దన్నారు కాబట్టే అంత గట్టి యంత్రం అంత చవగ్గా దొరికింది. లేకపోతే దాన్ని ముట్టుకునే తాహతు నాకెక్కడిది?"

నిజానికి ఆమె ఆ షాపులో ఒక పూటంతా కూర్చుంది. పెద్ద ఆఫీసులు వాడి వదిలేసిన మోటు ల్యాప్‌టాప్‌ల దొంతరలోంచి ఒక్కొక్కటీ తీయించి, అన్నిటికీ ఈ పెన్‌డ్రైవే పెట్టి చూసింది. ఒకదానికి వైఫై రాలేదు. ఒకదానికి పాత ఆఫీసువాళ్ళు వేసిన పాస్‌వర్డ్ తాళం ఇంకా పోలేదు. ఒకదాని బ్యాటరీ కాఫీ తాగేలోపు చచ్చిపోయింది. నల్లది మాత్రం మూత వేస్తే నిద్రపోయింది, తీస్తే లేచింది. పాట వినిపించింది, వెలుతురు తగ్గించమంటే తగ్గించింది. కింద రేకు విప్పిస్తే మెమరీ ఇంకొకటి పెట్టుకోవడానికి ఖాళీ చోటు కూడా కనబడింది. పెళ్ళిచూపుల్లో తనకి ఇన్ని ప్రశ్నలు వేసే అవకాశం రాలేదు. ఈ యంత్రం విషయంలో వచ్చింది, వదిలిపెట్టలేదు.

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?" ఇన్‌ఛార్జి కొంచెం తగ్గాడు. "చుక్కలున్నా నాకు పర్లేదని ఒక్కమాట అనుంటే సరిపోయేది. నువ్వు తెలిసే కొన్నావని నాకెలా తెలుస్తుంది? నేనేమన్నా దేవుణ్నా?"

ఆ మాటలో న్యాయం ఉందేమోనని ఆమెకీ ఒక్క క్షణం అనిపించింది. కీల మీది అక్షరాల సంగతి ఇంట్లో చెప్పలేదు, నిజమే. అది చెప్పదగ్గ విషయమని కూడా తోచలేదు.

"సరే. పేజీల సంగతి చెప్పండి. ఇచ్చేటప్పుడు నా ఫైళ్ళు తీయించారా?"

"జాగ్రత్తగానే ఇచ్చాన్లే."

"జాగ్రత్తగా అంటే?"

"అబ్బబ్బ! జాగ్రత్తగా అంటే జాగ్రత్తగా. సాయంత్రం వెళ్దాం పద, నీ ఎదురుగానే అడుగుతాను."

షాపుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. శనివారం మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారని అప్పుడు గుర్తొచ్చింది.

* * *

మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నారు. ఇన్‌ఛార్జి తొందరగా తిని లేచి ముందుగదిలో పడుకున్నాడు. నిజంగా నిద్రపోయాడో, నిద్రని అడ్డం పెట్టుకున్నాడో తెలియదు.

వంటింట్లో గిన్నెలు సర్దుతూ అత్తగారు ఉన్నట్టుండి అంది, "నాకో తొక్కుడు మిషనుండేది."

"కుట్టుమిషనా?"

"ఆఁ. నా పెళ్ళినాటికే పాతది. వీడు ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఊరికెళ్ళొచ్చేసరికి దాన్ని ఎవరికో ఇచ్చేసి, కరెంటుది తెచ్చిపెట్టాడు. అమ్మ కాళ్ళు నొప్పి పుడతాయని."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? అంత మురిసిపోతూ చూపిస్తుంటే? బాగుందిరా అన్నాను."

"దాంతో కుట్టారా మరి?"

"దాని వేగం చూస్తేనే నాకు గుండెదడ. వేలు కుట్టేస్తుందేమోనని భయం. కొన్నాళ్ళు చూసి పక్కింటావిడకి ఇచ్చేశాను." అత్తగారు గిన్నె బోర్లించింది. "అది ఏమయిందమ్మా అని వాడు ఇప్పటిదాకా అడగలేదు."

ప్రూఫులమ్మ ఆవిడ వైపు చూసింది. ఆవిడ మాత్రం చూపు తిప్పుకుని, తడిగుడ్డతో పొయ్యి చుట్టూ తుడవడం మొదలుపెట్టింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

* * *

షాపు సన్నగా, పొడుగ్గా, రైలుపెట్టెలా ఉంటుంది. ఒక గోడ నిండా చార్జర్ల తీగలు వేలాడుతుంటాయి. ఇంకో గోడకి అరల్లో ల్యాప్‌టాప్‌లు పుస్తకాల్లా నిలబెట్టి ఉంటాయి. కొనడానికి వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఒకదాని మీద వంగి ఏదో చూస్తున్నారు.

"రండమ్మా" అని మొహమంతా నవ్వుతో లేచిన షాపాయన, ఆమె వెనకాల ఇన్‌ఛార్జిని చూడగానే కూర్చుండిపోయాడు. "సార్‌ని కూడా తీసుకొచ్చారా!"

"నల్లది ఉందా?" అని అడిగింది ప్రూఫులమ్మ.

"ఉంది."

ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుంది. వెండిరంగుదాన్ని సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నాకు పనికిరాదు. ఇది తీసుకుని నాది నాకిచ్చెయ్యండి."

"ఇవ్వనమ్మా."

"ఎందుకివ్వరు?"

"పొద్దున ఈయన నన్ను దొంగ అన్నారు. ఇంతమంది కొనేవాళ్ళ ముందు. ఇన్నేళ్ళుగా ఈ వీధిలో బతుకుతున్నాను, ఆ మాట ఎవరూ అనలేదు. ముందు ఆ మాట వెనక్కి తీసుకోమనండి. తర్వాత మీకేం కావాలంటే అది."

"చెల్లని సరుకు అమ్మినవాణ్ని దొంగ అనక దొర అంటారా?" ఇన్‌ఛార్జి ముందుకొచ్చాడు.

"చెల్లని సరుకా?" షాపాయన మళ్ళీ లేచాడు. "అమ్మగారు ఇక్కడ కూర్చుని నా ప్రాణం తోడేశారు సార్! పెన్‌డ్రైవ్ పెట్టించారు, మూతలు వేయించారు, తీయించారు, రేకులు విప్పించారు. అక్షరాలు తేడాగా ఉంటాయమ్మా అని నా అంతట నేనే చెప్పాను. నాకు వాటితో పనిలేదని నవ్వి తీసుకున్నారు. పొద్దున మీకూ అదే చెప్పాను కదా? ‘మేడమ్ తెలిసే తీసుకున్నారు సార్, ఒకసారి ఆవిణ్ని అడగండి’ అన్నానా లేదా?"

ల్యాప్‌టాప్ మీద వంగినవాళ్ళు తలలెత్తారు.

ప్రూఫులమ్మ భర్త వైపు తిరిగింది. "చెప్పారా మీకు?"

"ఏదో అన్నాడు. అమ్ముకునేవాడు ఇంకేమంటాడు?"

"నన్ను అడగమని చెప్పారా?"

"చెప్పాడేమో. ఆ గొడవలో ఎవడు విన్నాడు?"

"ఇందాక ఇంట్లో ఏమన్నారు? నేను తెలిసే కొన్నానని మీకెలా తెలుస్తుంది అన్నారు. దేవుణ్నా అన్నారు. నేను చెప్పకపోవడమే తప్పన్నట్టు మాట్లాడారు. అవునేమో, తప్పు నాదేనేమో అనుకుంటూ వచ్చాను, దారంతా!"

ఇన్‌ఛార్జి చుట్టూ చూశాడు. "ఇక్కడ వద్దు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"మీరన్న ఇంకో మాట కూడా చెప్పమంటారా?" అన్నాడు షాపాయన. అతని కడుపుమంట అతనిది. "‘మా ఆవిడకేం తెలుసయ్యా, టైపు కొట్టుకునే మనిషి’ అన్నారమ్మా. అందరూ విన్నారు."

"నువ్వు నోరుముయ్యి!"

"మీరిద్దరూ ముయ్యండి" అంది ప్రూఫులమ్మ.

ఆమె అంత గట్టిగా అంటుందని ఆ ఇద్దరూ అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు. ఒకసారి అన్నాక మాత్రం వెనక్కి తగ్గాలని అనిపించలేదు. షాపాయన వైపు తిరిగింది.

"ఆ ల్యాప్‌టాప్ కొన్నదెవరు?"

"మీరేనమ్మా."

"నా ఫోన్ నంబరు మీ దగ్గరుందా?"

"ఉంది."

"వెనక్కి తీసుకునేముందు నాకొక్క ఫోన్ చెయ్యడానికి మీకేం అడ్డమొచ్చింది?"

"మీ వారే కదమ్మా తెచ్చింది. వేరేవాళ్ళయితే చేసేవాణ్నే..."

"మా వారు తెస్తే? రేపు ఈయన కొన్న మంచం నేను మోసుకెళ్ళి వెనక్కిస్తానంటే, వీళ్ళ గోడౌనులో తీసుకుంటారా? ఏమండీ, మీరే చెప్పండి, ఇన్‌ఛార్జి కదా! తీసుకుంటారా?"

ఇన్‌ఛార్జి గోడకి వేలాడే తీగల వైపు చూశాడు.

"తీసుకోరు. ‘మీ వారిని పంపించమ్మా’ అంటారు. దొంగ అన్నారని ఈ షాపాయనకి రోషం. మిమ్మల్ని చూసి నవ్వారని మీకు రోషం. మీ రోషాల మధ్య నా యంత్రం అటూ ఇటూ తిరిగింది. దానికొక యజమాని ఉందని మీ ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు."

షాపాయన తల దించుకుని వెనక అరలోంచి నల్ల ల్యాప్‌టాప్ తీశాడు. తుడిచి ఉంది. మూత మీద గీతలు కూడా పాలిష్ చేసినట్టున్నాయి. దాన్ని ఆమె ముందుకి జరిపి, వెండిరంగుదాన్ని తన వైపుకి లాక్కున్నాడు.

ప్రూఫులమ్మ మూత తెరిచి మీట నొక్కింది. ఆమెకి తెలిసిన తెర రాలేదు. ఎవరిదీ కాని నీలం తెర ఒకటి వచ్చి, మీ భాష ఏదో ఎంచుకోండి అని అడిగింది.

"నా పేజీలు?" అంది. ఈసారి గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"లోపల పనేమైనా ఉందా అమ్మా?" షాపాయన మొహం పాలిపోయింది. "తిరిగొచ్చినవాటిని అప్పటికప్పుడే చెరిపేస్తామమ్మా. ఒకరి సొంత సంగతులు ఇంకొకరి చేతిలో పడకూడదని. ఒట్టి చెరపడం కూడా కాదు, దాని మీద మళ్ళీ మళ్ళీ రాసేస్తాం. ఇక తీయడం ఎవరివల్లా కాదు."

"చెరిపేశారా?"

"చెరిపే ముందు అడిగానమ్మా! అన్నం తినే చేత్తో చెబుతున్నా, అడిగాను. ‘లోపల ఏమైనా ఉన్నాయా సార్, తీసుకుంటారా’ అని. సార్ ఏమీ లేవన్నారు."

ప్రూఫులమ్మ చెయ్యి కీల మీద అలాగే ఉండిపోయింది. రంగు దగ్గర మొదలుపెట్టి ఱెప్ప దాకా, ఒక్కొక్క మాటనీ వరసలో నిలబెట్టి, ఎక్కడ పేజీ తిరగాలో, ఎక్కడ మాట విరగకూడదో చూసుకుంటూ కట్టిన పేజీలు. అన్నదమ్ములిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టడం ఒక్కటే మిగిలిందనీ, అదయ్యాక కాపీ తీసుకుందామనీ అనుకుంటూ ఇంటికొచ్చింది.

"ఏమీ లేవన్నారా?" అని అడిగింది భర్తని.

"అంటే... ఫోటోలూ అవీ అనుకున్నాను. ఫోటోలు నీ ఫోన్లో ఉంటాయి కదా అని..."

"ఇన్నాళ్ళుగా పొద్దున్నా సాయంత్రం ఆ కిటికీ దగ్గర కూర్చుని నేనేం చేస్తున్నాననుకున్నారు?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అదే ఆమెకి ఇంకా కష్టంగా తోచింది.

"ఏదో... టైపు" అన్నాడు.

ఆమె మళ్ళీ నీలం తెర వైపు తిరిగింది. కోపం మాటల్లో పట్టేంత కాలం మాటలుంటాయి. తర్వాత ఉండవు.

ఆ నిశ్శబ్దం ఇన్‌ఛార్జికి భరించరానిదయింది. ఏదో ఒకటి సరిచెయ్యాలి. సరిచెయ్యడం తన పని. గొంతు సవరించుకుని షాపాయన వైపు తిరిగాడు.

"చూడవయ్యా, పొద్దున తొందరపడ్డాను. నిన్ను దొంగ అనడం తప్పే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మనసులో పెట్టుకోకు."

షాపాయన వెంటనే కరిగిపోయాడు. "అయ్యో, పర్లేదు సార్! నేనూ ఓ మాట ఎక్కువే అన్నాను. కూర్చోండి సార్. ఒరేయ్, రెండు టీ!" అని వీధి అవతలికి కేకేశాడు.

ఇన్‌ఛార్జి ఊపిరి పీల్చుకుని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ల్యాప్‌టాప్‌ల మీద వంగినవాళ్ళు మళ్ళీ వంగారు. టీలు వచ్చాయి. ఒకటి షాపాయనకి, ఒకటి సార్‌కి. మగవాళ్ళిద్దరూ ఒకరి ఎదుట ఒకరు ఊదుకుంటూ తాగారు. వెండిరంగుది కూడా చెడ్డదేం కాదని ఒకరంటే, అవునవును, దాని వాడకం వేరని ఇంకొకరన్నారు.

"మరింకేం, నీ వస్తువు నీకొచ్చింది" అన్నాడు ఇన్‌ఛార్జి భార్యతో, చాలా సౌమ్యంగా. "మనసు పాడుచేసుకోకు. పద, ఇంటికెళ్దాం. అమ్మ ఎదురుచూస్తుంటుంది."

భార్యకి చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయిందని అతనికి తట్టలేదు. ఆమె ఆ మాట కోసం టీ గ్లాసు సగం ఖాళీ అయ్యేదాకా ఎదురుచూసింది. అది రాలేదు.

ప్రూఫులమ్మ నల్ల ల్యాప్‌టాప్ మూసి, చార్జరు చుట్టి, రెండూ సంచీలో పెట్టుకుంది. అలవాటుగా సంచీ అందుకోబోయిన భర్త చెయ్యి తోసేసి భుజాన వేసుకుంది. ఫోన్ తీసి సంపాదకురాలికి చేసింది.

"అమ్మా, నేను. ‘ర’ పేజీలు పోయాయి. అవును, అన్నీ పోయాయి. మళ్ళీ మొదటినుంచి కట్టాలి. సోమవారానికి ఇస్తాను, ఇవ్వగలను. కానీ నాకొక చోటు కావాలి. మీ ఆఫీసులో ఒక బల్ల ఖాళీ ఉంటుందా?"

"ఏంటా మాటలు!" ఇన్‌ఛార్జి లేచి నిలబడ్డాడు. "ఇంట్లో బల్ల లేదా నీకు?"

ఆమె అతని వైపు చూడలేదు. అవతల సంపాదకురాలు ఏమీ అడగలేదు, ఏమయిందనలేదు, ఎలా పోయాయనలేదు. బల్ల ఉందంది, తాళంచెవి కాపలాదారు దగ్గర ఉంటుందంది. తర్వాత కాస్త ఆగి, అడగాలా వద్దా అన్నట్టుగా అడిగింది.

"ఈ రెండు రోజులకేనా అమ్మా? ఇంకా ఎక్కువ రోజులకా?"

షాపు చిన్నది, ఫోన్లో గొంతు పెద్దది. ఆ ప్రశ్న ఇన్‌ఛార్జికి కూడా వినబడింది. అప్పుడు ఆమె తలెత్తి అతని మొహంలోకి చూసింది. ఏదైనా చెబుతాడేమోనని చూసింది.

అతను టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకా తెలీదమ్మా" అంది ప్రూఫులమ్మ ఫోన్లో, "ముందు తాళంచెవి ఇప్పించండి." అని షాపు మెట్లు దిగింది.